అడ్రసు అదే... ఇల్లే మారింది!

ఆఫీసు మెయిల్ సర్వర్ మారుతోందంటే 'అది కంప్యూటర్ కుర్రాడి పని' అనుకుంటాం. పదేళ్ల ఉత్తరాలు తెల్లారేసరికి కనిపించకపోతే మాత్రం అది మన పనే అవుతుంది! ఒక మెయిల్ ఖాతాని ఈ సర్వర్ నుంచి ఆ సర్వర్‌కి చేత్తో తరలించడం ఎలాగో, ఎక్కడ కాలు జారుతుందో తెలుసుకుంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు.

2008 మార్చి 22. అర్ధరాత్రి దాటి తేదీ మారగానే హైదరాబాద్ విమానాశ్రయం ఇల్లు మారింది. అప్పటిదాకా బేగంపేటలో దిగిన ప్రయాణికుల విమానాలు 23వ తేదీ నుంచి శంషాబాద్‌లో దిగడం మొదలుపెట్టాయి. ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకి, ఒక్క రాత్రిలో!

విచిత్రమేమిటంటే టికెట్ మీద మాత్రం ఏమీ మారలేదు. హైదరాబాద్‌ని సూచించే మూడక్షరాల కోడ్ 'హెచ్‌వైడీ' నిన్నా అదే, ఇవాళా అదే. బేగంపేటకి 'బీపీఎం' అని వేరే కోడ్ ఇచ్చి, పాత పేరుని శంషాబాద్‌కి తీసుకెళ్లారు. అయితే విమానం నడిపేవారు వాడే నాలుగక్షరాల కోడ్ వేరే ఉంటుంది. అందులో బేగంపేట 'వీఓహెచ్‌వై'గానే ఉండిపోయింది, శంషాబాద్‌కి కొత్తగా 'వీఓహెచ్‌ఎస్' వచ్చింది. అంటే... ప్రయాణికుడికి తెలిసిన పేరు మారలేదు. విమానం దిగాల్సిన చోటు మారింది. ఆ సంగతి పైలట్‌కి తెలిస్తే చాలు.

మెయిల్ సర్వర్ మారడమన్నా అచ్చంగా ఇదే. మీకు ఉత్తరం రాసేవారికి మీ చిరునామా మారకూడదు. ఉత్తరం దిగే చోటు మారాలి. దారిలో ఒక్కటీ తప్పిపోకూడదు. పాత ఇంట్లో ఉన్న సామానంతా కొత్త ఇంటికి రావాలి. చెప్పడానికి నాలుగు వాక్యాలే. చేసేటప్పుడే ఉంటుంది అసలు కథ!

పిల్లర్ నంబరు లాంటిదే

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో మొదలైంది. శంషాబాద్ వెళ్లే కార్లు పైనుంచి దూసుకుపోతుంటాయి. కింద అత్తాపూర్‌లో మాత్రం ఆ వంతెన స్తంభాలే జనానికి చిరునామాలయ్యాయి. 'ఎక్కడుంది మీ షాపు?' అని అడిగితే వీధి పేరు కంటే ముందు 'ఫలానా పిల్లర్ నంబరు ఎదురుగా' అని జవాబొస్తుంది. షాపు పేరు మనకి గుర్తు. ఆటో అతనికి కావాల్సింది నంబరు.

ఇంటర్నెట్‌కీ అంతే. మెయిల్ చిరునామాలో 'ఎట్' గుర్తు తర్వాత ఉండేది పేరు. కంప్యూటర్లకి కావాల్సింది నంబరు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టే పెద్ద పుస్తకం ఒకటుంది. దాన్ని డీఎన్‌ఎస్ అంటారు. 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించిన ఈ పద్ధతిలోనే, 'ఈ పేరు మీద వచ్చే ఉత్తరాలన్నీ ఫలానా సర్వర్‌కి అందించండి' అని చెప్పే ఒక పంక్తి ఉంటుంది. దాని పేరు ఎంఎక్స్ రికార్డు. సర్వర్ మారినప్పుడు ఉత్తరాల దారి మళ్లించేది ఈ ఒక్క పంక్తే.

ఇప్పుడు ఓ ఉదాహరణ చూద్దాం. అత్తాపూర్‌లో ఎయిర్‌పోర్ట్ కార్గో కాగితాలు చూసే చిన్న ఆఫీసు ఒకటుందనుకోండి. నలుగురు ఉద్యోగులు, సొంత డొమైన్ పేరు, అద్దె సర్వర్. అద్దె పెరిగింది. యజమాని వేరే చోటికి మారదామన్నాడు. అకౌంట్స్ చూసే మేడమ్ ఖాతాలో పదకొండేళ్ల ఉత్తరాలున్నాయి. ఇన్‌వాయిస్‌లు, ఎయిర్‌వే బిల్లులు, పన్ను నోటీసులకి ఇచ్చిన జవాబులు. ఎప్పుడో ఓ కస్టమర్ 'సరుకు అందింది' అని రాసిన ఒక్క ముక్క కూడా అందులోనే ఉంది. రేపు పేచీ వస్తే ఆ ముక్కే సాక్ష్యం. ఇవన్నీ భద్రంగా దాటాలి. ఎలా?

మీ ఉత్తరాలు అసలెక్కడున్నాయి?

ముందు తెలుసుకోవాల్సింది ఇదే. చాలామందికి దీనికి జవాబు తెలియదు.

సర్వర్‌లో ఉన్న మెయిల్స్‌ని మన కంప్యూటర్‌కి తెచ్చుకునే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి పాప్. ఇది పోస్టాఫీసుకెళ్లి ఉత్తరాలు ఇంటికి తెచ్చుకోవడం లాంటిది. తెచ్చుకున్నాక అక్కడ ఏమీ మిగలదు, 'ఒక కాపీ అక్కడే ఉంచు' అని ప్రత్యేకంగా చెబితే తప్ప. రెండోది ఐమ్యాప్. 1986లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మార్క్ క్రిస్పిన్ దీన్ని తయారుచేశాడు. ఇందులో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. ఫోన్లో చూసినా, కంప్యూటర్లో చూసినా మనం చూసేది అక్కడున్న డబ్బానే.

మేడమ్ ఇన్నాళ్లూ పాప్ వాడుతుంటే ఆమె పదకొండేళ్ల ఉత్తరాలు సర్వర్‌లో ఉండవు. ఆమె టేబుల్ కింది సీపీయూలో ఉంటాయి! అప్పుడు సర్వర్ నుంచి సర్వర్‌కి ఎంత జాగ్రత్తగా తరలించినా వెళ్లేది నిన్నటి ఉత్తరాలే. కాబట్టి మొదటి ప్రశ్న: పాపా, ఐమ్యాపా? పాప్ అయితే ముందు ఆ కంప్యూటర్లోని మెయిల్ ఫైలుకి ఒక బ్యాకప్ తీయాలి. ఆ తర్వాతే మిగతాది.

సామాన్ల లెక్క

ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెలు లెక్కపెట్టుకుంటాం కదా! ఇక్కడా అంతే. ఒక కాగితం తీసుకుని ఖాతాలో ఎన్ని ఫోల్డర్లున్నాయో, ఒక్కోదాంట్లో ఎన్ని ఉత్తరాలున్నాయో, మొత్తం ఎన్ని జీబీలో రాసుకోవాలి. తరలింపు అయ్యాక సరిచూసుకోవడానికి ఈ కాగితమే ఆధారం.

పరిమాణం విషయంలో ఓ చిక్కుంది. ఫొటోలు, పీడీఎఫ్‌లు మెయిల్‌లో వెళ్లేటప్పుడు అక్షరాలుగా మారి వెళ్తాయి. ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. అంటే 15 ఎంబీ ఫైలు మెయిల్‌లో దాదాపు 20 ఎంబీ అయి కూర్చుంటుంది. అందుకే 'నా ఫైళ్లన్నీ కలిపినా అంత లేవే' అనిపిస్తుంది. కొత్త సర్వర్‌లో చోటు కాస్త ఎక్కువే తీసుకోవాలి. పాతదాంట్లో 8 జీబీ ఉంటే కొత్తదాంట్లో సరిగ్గా 8 జీబీ తీసుకోవడం, బిందె నిండా నీళ్లు పోసి నెత్తిన పెట్టుకోవడం లాంటిది.

ఉత్తరాలు కానివి కూడా కొన్నుంటాయి. అడ్రస్ బుక్, క్యాలెండర్, 'ఫలానావారి మెయిల్ వస్తే ఆ ఫోల్డర్‌లో వెయ్యి' అనే నియమాలు, సెలవులో ఉన్నప్పుడు వెళ్లే జవాబు, ఇంకో పేరుతో వచ్చినా ఇదే డబ్బాలో పడే మారుపేర్లు. ఐమ్యాప్ మోసేది ఉత్తరాలని మాత్రమే. ఇవన్నీ విడిగా తీసుకెళ్లాలి. సాధారణంగా మర్చిపోయేది మారుపేర్లనే. 'అకౌంట్స్' అనే మారుపేరు కొత్త సర్వర్‌లో పెట్టకపోతే, ఆ పేరుకి బిల్లులు పంపే కంపెనీలకి 'అలాంటివారెవరూ ఇక్కడ లేరు' అని జవాబెళ్తుంది!

ముందు గడువు తగ్గించాలి

ఇందాక చెప్పుకున్న పెద్ద పుస్తకాన్ని ప్రతిసారీ తిరగెయ్యడం కష్టం కాబట్టి ప్రపంచంలోని సర్వర్లు ఒకసారి చూసిన నంబరుని కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో డొమైన్ యజమానే చెబుతాడు. దాన్ని టీటీఎల్ అంటారు. సెకన్లలో ఉంటుంది. 86,400 సెకన్లంటే ఒక రోజు. అంటే మీరు ఈ ఉదయం ఎంఎక్స్ రికార్డు మార్చినా, కొన్ని సర్వర్లు రేపు ఉదయం దాకా పాత ఇంటికే ఉత్తరాలు పంపిస్తుంటాయి.

కాబట్టి తెలిసినవారు ఏం చేస్తారంటే, రెండు మూడు రోజుల ముందే ఆ అంకెని 300 సెకన్లకి, అంటే ఐదు నిమిషాలకి తగ్గిస్తారు. మార్పు చేసే గంటలో తగ్గిస్తే ఏం లాభం లేదు. 'ఒక రోజు గుర్తుపెట్టుకో' అన్న పాత మాట అప్పటికే అందరి జ్ఞాపకంలోనూ ఉంటుంది మరి! ముందే తగ్గిస్తే, అసలు రోజున కొత్త చిరునామా కొద్ది నిమిషాల్లోనే చాలా చోట్లకి తెలిసిపోతుంది. అంతా కుదురుకున్నాక అంకెని మళ్లీ పెంచేస్తే సరి.

రెండు ట్రిప్పుల్లో...

ఇప్పుడు అసలు తరలింపు. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది ఎవరైనా చేయగలిగేది. థండర్‌బర్డ్ లాంటి ఉచిత మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో పాత ఖాతా, కొత్త ఖాతా రెండింటినీ ఐమ్యాప్‌గా పెట్టుకుంటే ఎడమ పక్క రెండు చెట్లలా కనిపిస్తాయి. పాత చెట్టులోని ఫోల్డర్‌లో ఉత్తరాలన్నీ ఎంచుకుని కొత్త చెట్టులోకి 'కాపీ' చేయాలి. 'మూవ్' కాదు! మధ్యలో కరెంటు పోయినా, నెట్ ఆగినా కాపీ అయితే పాతవి పాతచోటే ఉంటాయి. మూవ్ అయితే ఏది ఎక్కడుందో తేల్చుకోవడానికే ఒక రోజు పోతుంది. ఒకేసారి వేలకి వేలు కాకుండా ఐదారు వందల చొప్పున చేస్తే, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

సమయం ఎంత పడుతుంది? ఈ పద్ధతిలో ప్రతి ఉత్తరం మీ కంప్యూటర్‌కి దిగి, మళ్లీ పైకెక్కుతుంది. అప్‌లోడ్ వేగం సెకనుకి 10 మెగాబిట్లయితే 10 జీబీ ఎక్కడానికి ఆటంకం లేకుండా సాగినా దాదాపు రెండుంబావు గంటలు. చిన్నచిన్న ఉత్తరాలు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ. పైగా కొన్ని సంస్థలు ఒక రోజులో ఇంతకంటే ఎక్కువ దించుకోకూడదని పరిమితి పెడతాయి. కాబట్టి శనివారం రాత్రి మొదలుపెట్టి సోమవారం పొద్దున్నకి అయిపోతుందని మాటివ్వకండి.

రెండోది సర్వర్ నడిపేవారి దారి. ఐమ్యాప్‌సింక్ లాంటి పనిముట్లు ఒక సర్వర్‌తో నేరుగా మరో సర్వర్‌ని మాట్లాడిస్తాయి. దీని గొప్పతనం ఏమిటంటే, రెండోసారి నడిపితే మొదటిసారి దాటినవి వదిలేసి కొత్తగా వచ్చినవే తీసుకెళ్తుంది. అందుకే రెండు ట్రిప్పుల పద్ధతి పుట్టింది. పాత సర్వర్ మామూలుగా పనిచేస్తుండగానే మొదటి ట్రిప్పు. ఇందులో తొంభై పాళ్ల సామాను వెళ్లిపోతుంది. ఆపైన ఎంఎక్స్ మార్పు. మారిన తర్వాత రెండో ట్రిప్పు. మధ్యలో పాత ఇంటికొచ్చిన ఉత్తరాల కోసం. ఉద్యోగులకి పని ఆగదు, ఉత్తరమూ పోదు.

'మరి ఆ రాత్రి కొత్త సర్వర్ కాసేపు పలక్కపోతే?' అని భయపడక్కర్లేదు. మెయిల్ పద్ధతిలోనే ఓపిక ఉంది. అవతలి సర్వర్ జవాబివ్వకపోతే, పంపే సర్వర్ ఉత్తరాన్ని వరుసలో పెట్టుకుని సాధారణంగా నాలుగైదు రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అసలు ప్రమాదం సర్వర్ పలక్కపోవడంలో లేదు. పలికి 'అలాంటి మనిషి లేడు' అని చెప్పడంలో ఉంది. అప్పుడు ఉత్తరం వెంటనే తిరుగుటపా! అందుకే ఎంఎక్స్ మార్చడానికి ముందే కొత్త సర్వర్‌లో అందరి ఖాతాలూ తయారుగా ఉండాలి.

'అన్నా, ఒక్కటి గూడ కనిపిస్తలేదు!'

మన ఉదాహరణలోని ఆఫీసుకే వెళ్దాం. సోమవారం పొద్దున మేడమ్ ఫోన్ చేస్తుంది. 'అన్నా, కొత్త మెయిల్ తెరిస్తే పాతయి ఒక్కటి గూడ కనిపిస్తలేవు. అన్నీ పోయినయా ఏంది?'

'పోలేదక్కా, ఆడనే ఉన్నయి. పది నిమిషాలాగు' అంటాడు సర్వర్ చూసే కుర్రాడు.

అతని ధైర్యానికి కారణం ఉంది. ఇలాంటి సందర్భాల్లో ఉత్తరాలు పోవడం కంటే కనిపించకపోవడమే ఎక్కువ. మెయిల్‌డిర్ పద్ధతిలో నడిచే సర్వర్లలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. వాటిని నేరుగా కాపీ చేసినప్పుడు ఆ ఫైళ్ల హక్కుదారుగా కాపీ చేసినవారి పేరే పడొచ్చు. అప్పుడు మెయిల్ సాఫ్ట్‌వేర్‌కి వాటిని తెరిచే హక్కు ఉండదు. డబ్బా నిండుగానే ఉంటుంది, తాళంచెవి మాత్రం వేరేవారి జేబులో ఉంటుంది. హక్కు మార్చగానే అన్నీ ప్రత్యక్షం! ఇంకో కారణం, ఫోల్డర్లు వచ్చినా వాటికి 'చందా' కట్టకపోవడం. మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో 'సబ్‌స్క్రైబ్' అనే చోట టిక్ పెడితే కనిపిస్తాయి.

ఫైలు పేరు చివర ఉండే అక్షరాలని కూడా కదపకూడదు. చదివామా, జవాబిచ్చామా, నక్షత్రం పెట్టామా అన్నది ఆ అక్షరాల్లోనే ఉంటుంది. అవి రాలిపోతే పదకొండేళ్ల ఉత్తరాలూ 'చదవనివి'గా నల్లటి అక్షరాల్లో ప్రత్యక్షమవుతాయి. తేదీలదీ ఇదే తంతు. ఉత్తరంలో రాసి ఉండే తేదీ ఒకటి, సర్వర్ దాన్ని అందుకున్న తేదీ మరొకటి. తరలింపులో రెండోది సరిగ్గా రాకపోతే 2014 నాటి ఉత్తరం కూడా 'ఈరోజే వచ్చింది' అన్నట్టు పైకొచ్చి కూర్చుంటుంది. కాబట్టి అన్నీ ఒకేసారి కాకుండా ముందు ఓ చిన్న ఫోల్డర్ తరలించి చూడాలి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు.

పాత వాచ్‌మన్‌తో పేచీ

అన్నీ సరిగ్గా చేశాక కూడా ఒక వింత జరగొచ్చు. బయటివారందరి ఉత్తరాలూ కొత్త ఇంటికే వస్తుంటాయి. ఒక్క కస్టమర్ మాత్రం 'నేను మూడుసార్లు పంపాను' అంటాడు. ఇక్కడ ఒక్కటీ ఉండదు. ఆయనకి తిరుగుటపా కూడా రాదు. ఏమైంది?

ఆయన సైటు కూడా మీ పాత సర్వర్‌లోనే ఉందన్నమాట! పాత సర్వర్‌కి 'ఈ డొమైన్ నా దగ్గరే ఉంటుంది' అన్న సంగతి ఇంకా రాసి ఉంది. ఆ సర్వర్ మీద ఎవరు మీకు ఉత్తరం రాసినా అది పెద్ద పుస్తకం చూడదు. గడప దాటకుండానే పాత డబ్బాలో వేసేస్తుంది. మీరు ఖాళీ చేసిన ఫ్లాట్ తలుపు కింద నుంచి వాచ్‌మన్ రోజూ ఉత్తరాలు తోస్తున్నట్టు! మందు సులభం. పాత సర్వర్ నియంత్రణ పట్టికలో 'ఈ డొమైన్ మెయిల్ ఇక్కడిది కాదు, బయటికి పంపు' అని మార్చాలి. అద్దె సర్వర్ అయితే వాళ్లకి చెప్పి చేయించుకోవాలి.

ఒక్కరే మారాల్సి వస్తే చిక్కు ఇంకో రకం. ఆఫీసంతా పాత సర్వర్‌లోనే ఉండి, ఒక్క మేడమ్ ఖాతానే కొత్తదానికి మార్చాలనుకోండి. అప్పుడు ఎంఎక్స్ రికార్డు మార్చడం కుదరదు. అది డొమైన్ మొత్తానికీ ఒకటే, మనిషికొకటి ఉండదు. పాత సర్వర్‌కే ఒక చీటీ రాసిపెట్టాలి. 'ఈమె పేరు మీద ఏది వచ్చినా ఆ సర్వర్‌కి పంపు' అని. ఈ చీటీని మర్చిపోవడం వల్లే 'అందరికీ వస్తున్నాయి, నాకే రావడం లేదు' అన్న ఫిర్యాదు పుడుతుంది.

తెలుగు పేర్ల తంటా

ఫోల్డర్‌కి 'నాన్న ఉత్తరాలు' అని తెలుగులో పేరు పెట్టుకున్నారా? కంగారు పడకండి. ఐమ్యాప్ పాత పద్ధతిలో ఇంగ్లిష్ కాని అక్షరాలని ప్రత్యేక సంకేతాలుగా మార్చి దాస్తారు. సర్వర్ లోపలికి తొంగిచూస్తే అది అర్థంకాని గుర్తుల వరుసలా కనిపిస్తుంది. తెలియనివారు 'ఇదేదో చెత్త ఫోల్డర్' అని తుడిచేసే ప్రమాదం ఉంది. తరలించేవారికి ముందే చెప్పి ఉంచండి.

1990ల మొదట్లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో చదివిన తెలుగువారు, తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. ఆ రోజుల్లో విదేశాల్లోని తెలుగువాళ్లు రాసుకున్న ఉత్తరాలు ఎన్ని సర్వర్లు మారినా చెక్కుచెదరవు. ఎందుకంటే అవి మామూలు ఇంగ్లిష్ అక్షరాలే. అదే కాలంలో ఫలానా ఫాంటు ఉంటేనే కనిపించేలా పంపిన తెలుగు ఉత్తరాలు మాత్రం, సర్వర్ మారకపోయినా, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలే. అలాంటివి మీ దగ్గరుంటే ఇల్లు మారే సందర్భంలోనే పీడీఎఫ్ చేసి దాచుకోవడం మేలు.

వెళ్లినవి స్పామ్‌లో పడుతున్నాయా?

వచ్చేవాటి గురించి ఇంత ఆలోచిస్తాం. వెళ్లేవాటిని మర్చిపోతాం! 'మా డొమైన్ పేరుతో ఉత్తరాలు పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది' అని చెప్పే పంక్తి ఒకటి డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. ఉత్తరం మీద వేసే ముద్ర లాంటిది ఇంకొకటి, డీకిమ్. సర్వర్ మారినప్పుడు ఈ రెండింటినీ కొత్తదానికి తగ్గట్టు మార్చాలి. లేదంటే మీరు పంపిన అసలైన ఇన్‌వాయిస్ అవతలివారికి దొంగ ఉత్తరంలా కనిపించి స్పామ్‌లోకి పోతుంది. 'బిల్లు పంపాం కదండీ', 'మాకు రాలేదండీ' అని నెల రోజులు గడిచిపోతాయి.

చిరునామానే పోతే...

ఇంతసేపూ చిరునామా మనదే అనుకుని మాట్లాడుకున్నాం. మరి చిరునామానే వేరొకరిదైతే?

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో సామాన్యులకి ఇంటర్నెట్ తెచ్చింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో కనెక్షన్ తీసుకున్నవారి మెయిల్ చిరునామాల చివర 'హెచ్‌డీ1' లేదా 'హెచ్‌డీ2', ఆపైన వీఎస్‌ఎన్‌ఎల్ పేరు ఉండేవి. విజిటింగ్ కార్డు మీద అది ఉండటమే ఓ గొప్ప. 2002లో వీఎస్‌ఎన్‌ఎల్ టాటాల చేతికి వెళ్లింది. 2008లో పేరు టాటా కమ్యూనికేషన్స్ అయింది. కార్డుల మీది ఆ చిరునామాలు ఇప్పుడు జ్ఞాపకాలే. అలాగే రచ్చబండ లాంటి తెలుగు సాహిత్య చర్చలకి చోటిచ్చిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడింది. సొంతిల్లు అనుకున్నది అద్దెకొంప అని అప్పుడు తెలిసింది చాలామందికి.

ఇంకో భయం కూడా ఉంది. 2013లో యాహూ, చాలాకాలం వాడని మెయిల్ పేర్లని కొత్తవారికి ఇస్తామని ప్రకటించింది. ఖాళీ చేసిన ఇంట్లో కొత్తవారు దిగినట్టే! పాతవారికొచ్చే ఉత్తరాలు కొత్తవారి చేతిలో పడతాయి. అందులో బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా ఉండొచ్చు. గడువు తీరిన డొమైన్‌ని ఇంకెవరో కొనుక్కున్నా ఇదే ప్రమాదం. వ్యక్తిగత ఖాతాలని రెండేళ్లపాటు ముట్టుకోకపోతే తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. చనిపోయిన పెద్దాయన ఖాతాలో కుటుంబ ఫొటోలున్నాయంటే ఆ గడువు గుర్తుంచుకోవాల్సిందే.

పెద్దవాళ్ల ఇల్లు మారితే?

ఇదంతా చిన్న ఆఫీసుల గొడవే అనుకుంటే పొరపాటు. కేంద్ర ప్రభుత్వానికి ఎన్‌ఐసీ ఏళ్ల తరబడి మెయిల్ వ్యవస్థని నడిపింది. 2023లో కాంట్రాక్టు దక్కించుకున్న చెన్నై సంస్థ జోహో ప్లాట్‌ఫాం మీదికి దాదాపు 12 లక్షల మంది ఉద్యోగుల ఖాతాలు మారాయని 2025 అక్టోబరులో వార్తలొచ్చాయి. గమ్మత్తేమిటంటే, చివర ఉండే 'గవ్ డాట్ ఇన్', 'ఎన్‌ఐసీ డాట్ ఇన్' మాత్రం అలాగే ఉన్నాయి. ఉత్తరం రాసే పౌరుడికి తేడా తెలియాల్సిన పని లేదు. 12 లక్షల ఖాతాలైనా, అత్తాపూర్ ఆఫీసులో నాలుగు ఖాతాలైనా సూత్రం ఒక్కటే... పేరు మనది కావాలి, ఇల్లు ఎన్నిసార్లయినా మారొచ్చు.

ఈ ఆదివారం ఓ గంట

సర్వర్ లేని ఇళ్లలో కూడా ఈ పని ఉంటుంది. పిల్లాడి చదువు అయిపోతోంది, కాలేజీ ఇచ్చిన మెయిల్ ఖాతా మూసేస్తారు. నాన్న రిటైరవుతున్నారు, ఆఫీసు ఖాతా ఆగిపోతుంది. ఇలాంటప్పుడు ఫార్వర్డ్ చేసుకుంటే చాలనుకుంటారు. ఫార్వర్డ్ చేసిన ఉత్తరంలో పంపినవారి స్థానంలో మీ పేరు పడుతుంది. సాక్ష్యంగా దాని విలువ తగ్గిపోతుంది. ఐమ్యాప్ ద్వారా కాపీ చేసినదే అసలు ఉత్తరం. అయితే ఒక్క మాట. ఆఫీసు ఉత్తరాలు ఆఫీసువి. సొంత ఖాతాకి తెచ్చుకునే ముందు అనుమతి అడగాలి.

ముందు బ్యాంకు, పీఎఫ్, బీమా, పాస్‌పోర్టు... ఏయే చోట్ల ఆ చిరునామా ఇచ్చారో జాబితా రాయండి. ఉత్తరాలు తరలించడం కంటే ముందు అక్కడ చిరునామా మార్చండి. ఎందుకంటే ఆ మార్పుకి అవసరమయ్యే కోడ్ పాత మెయిల్‌కే వస్తుంది. పాత ఇంటి తాళం ఇచ్చేశాక ఆ కోడ్ కోసం తలుపు కొట్టినా ఎవరూ తియ్యరు! తరలించేవారికి పాస్‌వర్డ్ చెప్పాల్సి వస్తే, తాత్కాలికంగా ఒకటి పెట్టి ఇచ్చి, పని కాగానే మార్చేయండి. ఆ తర్వాత సామాన్ల లెక్క రాసుకున్న కాగితం తీసి, ఫోల్డర్ ఫోల్డర్‌కీ అంకెలు సరిచూడండి. జీమెయిల్ నుంచి తెచ్చినవైతే అంకె ఎక్కువ రావచ్చు. అక్కడ ఒకే ఉత్తరానికి మూడు లేబుళ్లుంటే ఇక్కడ మూడు ఫోల్డర్లలో మూడు కాపీలవుతాయి. ఎక్కువైతే ఫర్వాలేదు, తక్కువైతేనే వెతకాలి.

లెక్క సరిపోయినా పాత ఖాతాని ఆ రోజే తుడిచెయ్యకండి. కుదిరితే ఓ నెల ఉండనివ్వండి. ఏడాదికోసారి మాత్రమే వచ్చే బీమా ప్రీమియం నోటీసు ఏ చిరునామాకి వస్తుందో మనకేం తెలుసు!